అవతలి చెవి

మా నాయన బడిలో చదివినవాళ్ళందరూ జూన్ ఒకటిన పుట్టారు. నేను కూడా. ఆ రోజు పొద్దున్నుంచీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కేకులే కేకులు. నూట పన్నెండు మంది ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. అందులో ఒక్కరి తల్లికైనా ఆ రోజు నొప్పులు వచ్చాయని నేననుకోను.

నంద్యాలకు కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఈ మాట చెప్పి అత్తగారి తరఫువాళ్ళను బాగా నవ్వించేదాన్ని. పోయిన జులైలో పరంజ్యోతక్క మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నప్పటి నుంచి చెప్పడం మానేశాను.

ఆళ్ళగడ్డ దాటి దొర్నిపాడు దారిలో, మా నాయన హెడ్మాస్టరుగా చేసిన ఊరు ఆమెది. మిరపచేలకు, పత్తిచేలకు కూలికి పోయేది. ఆమె కొడుకు మోషే. ఆ పేరు ఎత్తితే మా ప్రాంతంలో ఎవరికీ ఇంక వివరం అక్కర్లేదు. దూరపువాళ్ళకు చెప్పాలి. రెండువేల పదకొండు ఆగస్టులో మోషే ఇద్దరు పెద్ద మగవాళ్ళతో కలిసి ఒక ఇంటికి దొంగతనానికి పోయాడు. ఆ ఇంట్లో ఒక ముసలాయన, ఆయన భార్య, వాళ్ళ మనవరాలు. తెల్లారేసరికి ముగ్గురూ లేరు. పాపకు నాలుగున్నరేళ్ళు.

ఆ ఇద్దరు మగవాళ్ళలో ఒకడు పోలీసులకు దొరక్కముందే రైలు కింద పడ్డాడు. ఇంకొకడు జైల్లో జబ్బు చేసి పోయాడు. ఉరిశిక్ష మోయడానికి మిగిలింది మోషే ఒక్కడే. తాను చెయ్యలేదని వాడు ఏ రోజూ అనలేదు. కోర్టులన్నీ అయిపోయాయి. రాష్ట్రపతికి పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీ ఒక్కటే మిగిలింది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు పరంజ్యోతక్క. గ్రైండరు పక్కన నేలమీద కూర్చుంది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు.

"సార్ బిడ్డవి గదా. ఒక కాగితం రాసియ్యల్ల నువ్వు," అంది.

"ఏం కాగితం అక్కా?"

"బడిలో చేర్చుకునేటప్పుడు సార్ వయసులు అందాజుగా రాసేవాడని. లాయరమ్మ అడగమనింది. నా కొడుకు పుట్టింది తొంభై నాలుగు, ఫిబ్రవరి తొమ్మిది. మా చర్చి బాప్తిస్మం పుస్తకంలో ఉండాది. బడి రిజిస్టర్లో తొంభై మూడు, జూన్ ఒకటి అని ఉండాది."

నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. బీయే చదివినా లెక్కలకు ఇప్పటికీ వేళ్ళే. బడి లెక్కన ఆ ఆగస్టుకు వాడికి పద్దెనిమిదేళ్ళ రెండు నెలలు. చర్చి లెక్కన పదిహేడున్నర. పద్దెనిమిదికి ఇవతల ఉంటే పిల్లల కోర్టు, మూడేళ్ళో ఎంతో పెట్టి వదిలేస్తారు. అవతల ఉంటే తాడు.

"చర్చి పుస్తకం కోర్టులో ముందే చూపించకపోతిరా?"

"చూపిస్తిమి. బడి కాగితం ఉన్నప్పుడు అది చెల్లదంట. సార్ రాసిందే రాసిందంట." గ్లాసు కింద పెట్టింది. "దేవుని ఇంట్లో రాసింది కూడా సార్ ముందర నిలబడలేకపాయె."

చీర కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం నా చేతికిచ్చింది. అడ్మిషన్ రిజిస్టరు, తొంభై ఎనిమిది జూన్. క్రమసంఖ్య నలభై ఒకటి. మోషే, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ. అడుగున మా నాయన సంతకం.

కాగితం మీంచి తల ఎత్తితే ఎదురుగా గూట్లో డబ్బాలు కనిపించాయి. మెంతులు, మిరియాలు, మినప్పప్పు. ప్రతి డబ్బాకూ నేనే చీటీ రాసి అంటించాను. నా 'మ'కు చివర పిల్లి తోకలాంటి వంపు ఉంటుంది, చిన్నప్పటి నుంచీ. అదే తోక నా చేతిలోని కాగితంలో మోషే పేరుకూ ఉంది.

"సార్ రాసినాడా ఇది?" అన్నాను. నా గొంతు నాకే పక్కింటి నుంచి వినిపించింది.

పరంజ్యోతక్క నేల వైపు చూస్తూ, "సార్ బళ్ళో, సార్ పుస్తకంలో, సార్ సంతకంతో ఉండాది," అంది.

రెండు రోజుల్లో చెప్తానన్నాను. ఆమె వెళ్ళిపోయింది. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది.

*

తొంభై ఎనిమిదిలో, ఆ జూన్‌లో మా నాయనకు కంటి శుక్లం తీశారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని లోపలి గదిలో పడక్కుర్చీలో ఉండేవాడు. అడ్మిషన్ల వారం. నేను బీయే రెండో సంవత్సరం పరీక్షలు రాసి సెలవుల్లో ఊరికి వచ్చాను. "కూర్చో, పేర్లు రాసిపెట్టు, సంతకం నేను చేస్తా," అన్నాడు. వరండాలో బల్ల, రిజిస్టరు, నేను. ఇరవై ఏళ్ళ నాకు కలెక్టరయినట్టే ఉంది.

పుట్టిన తేదీ ఎవరికీ తెలిసేది కాదు. అందుకని ఒక పరీక్ష ఉండేది. పిల్లవాడిని నిటారుగా నిలబెడతారు. కుడిచెయ్యి తల మీదుగా వేసి అవతలి చెవి పట్టుకోమంటారు. వేళ్ళు ఎడమ చెవికి అందితే ఐదేళ్ళు నిండినట్టు. అందకపోతే ఇంటికి. మా నాయన ఇందులో మొగమాటం ఎరగడు. సర్పంచు మనవడినైనా వెనక్కి పంపేవాడు. అందితే మాత్రం అందరికీ జూన్ ఒకటే. "అందితే రాయి. అందకపోతే వచ్చే ఏడు రమ్మను," అని నాకూ అదే చెప్పాడు.

మోషేను తెచ్చిన రోజు బడి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. పైన కూలీ ఆడవాళ్ళు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. కొంగు నడుముకు చుట్టుకుని పరంజ్యోతక్క బల్ల ముందు నిలబడింది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు, చేలోకి తీసుకుపోతే ఎండకు పడిపోతున్నాడు, బడిలో ఉంటే నెలకు మూడు కిలోల బియ్యమన్నా వస్తాయి. ఇవన్నీ ఆమె చెప్పిందో, నేనే ఇప్పుడు కల్పించుకుంటున్నానో తెలియదు. పిల్లవాడు మాత్రం బాగా గుర్తున్నాడు. పెద్ద తల, పుల్లలాంటి చేతులు, గుండీల్లేని చొక్కా. చెయ్యి తల మీదుగా వేశాడు. వేళ్ళు చెవికి రెండంగుళాల పైనే ఆగిపోయాయి. మడమలు ఎత్తాడు, ఎత్తితే అందుతుందేమోనని. నాకు నవ్వొచ్చింది.

"తల వంచు నాయనా," అన్నాను మెల్లగా. నేనే వాడి తల పట్టుకుని కుడి భుజం మీదికి వంచాను. ఎడమ చెవి పైకి లేచింది. రెండు వేళ్ళు తగిలాయి. వాడు గెలిచినట్టు నవ్వాడు.

లోపల్నుంచి మా నాయన, "అందిందా?" అని కేకేశాడు.

"అందింది నాయనా," అన్నాను.

రాశాను.

*

మా ఆయన శ్రీకాంత్ నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. ఏ కాగితమైనా ఆయన చేతిలో పడితే, కాలవ నీళ్ళు చివరి మడికి పోయినట్టు, చాలా రోజులకు కదులుతుంది. సాయంత్రం ఉగ్గాణి పెట్టి అంతా చెప్పాను.

"మామ రాసినాడనే రాసియ్యి," అన్నాడు తింటూ.

"నేను రాస్తి."

"ఆ మాట ఎవురడిగినారు? పోయినాయనకు కేసేంది, శిక్షేంది? నువ్వు బతికుండావు. సర్కారు రిజిస్టర్లో దొంగ వయసు రాసినా అని నీ అంతట నువ్వు రాసిచ్చుకుంటావా?"

"మా నాయన దొంగ వయసు ఎప్పుడూ రాయల్యా."

"ఆ సంగతి నీకు తెల్సు, నాకు తెల్సు. జడ్జీకి ఏంటికి?"

ఆయన ప్లేటు ఖాళీ కాకముందే తీసేశాను.

మర్నాడు లాయరు ప్రియదర్శినికి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు లేని పిల్ల, ఈ కేసుకు ఫీజు తీసుకోవడం లేదు. చుట్టూ తిప్పి అడిగాను. రాసినదెవరో తెలియకుండా, అప్పట్లో వయసులు అందాజుగా రాసేవారని మాత్రం చెబితే చాలదా అని.

"చాలదండీ. రాతకూ, కింద సంతకానికీ పోలికే లేదు. మీ నాన్నగారు రాశారని పెడితే అవతలివాళ్ళు ఒక్క ప్రశ్నతో పడగొడతారు. ఆ తర్వాత నిజం చెప్పినా ఎవరూ వినరు. ఆ రాత ఎవరిదో వాళ్ళు దొరికితేనే. రాష్ట్రపతి అర్జీకి జత చేస్తాను, హైకోర్టులో కూడా వేస్తాను. ఇరవయ్యో తేదీ లోపల కావాలి." ఫోన్ పెట్టబోతూ, "మీకు తెలుసా ఆ మనిషి?" అంది.

"కనుక్కుంటా," అన్నాను. వంటింట్లో నిలబడి, మెంతుల డబ్బా వైపు చూస్తూ.

ఆ వారమంతా ఇల్లు నాతో సరిగ్గా లేదు. మధ్యాహ్నం అంట్లు తోమి నడుం వాలిస్తే, పక్కగదిలోంచి మా నాయన "అందిందా?" అనేవాడు. ఆయన పోయి ఐదేళ్ళు. కళ్ళు తెరిస్తే ఫ్యాను తిరుగుతుండేది. ఎదురింటి ఎల్కేజీ పాప గోడ మీదుగా చెయ్యి చాపి మా జాజిపూలు అందుకోబోతుంటే పరిగెత్తి వెళ్ళి కోసిచ్చాను. ఆ పాప భయపడింది. వాళ్ళమ్మ ఆ సాయంత్రం నా ఆరోగ్యం అడిగి వెళ్ళింది.

ఆ ఇంట్లో పోయిన పాప నా కలలోకి వస్తే బాగుండేది. రాలేదు. నాకు ముఖమన్నా తెలియదు. నాలుగున్నరేళ్ళు. ఆ రోజు వరండాలో మోషే వయసు నాలుగేళ్ళ నాలుగు నెలలు. ఆ పాపను బడికి తీసుకుపోయి ఉంటే ఆ పాప చెయ్యి కూడా అందేది కాదు.

*

ఆదివారం ఆళ్ళగడ్డ బస్సెక్కాను. సాకు మా నాయన విగ్రహం. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర చెక్కిస్తున్నారు. "ముక్కు కరెక్టుగా వచ్చిందో లేదో నువ్వే చూడల్ల అక్కా," అని కమిటీ ప్రెసిడెంటు ఫ్రాన్సిస్ నెలరోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. ఎలిమెంటరీ స్కూల్ టీచరు. జూన్ ఒకటి.

రోడ్డు పక్కన షెడ్డు. లోపలంతా రాతిపొడి. సగం చెక్కిన హనుమంతులు, నందులు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మధ్య నాయన నిలబడి ఉన్నాడు. ముక్కు సరిగ్గా వచ్చింది. కళ్ళు ఇంకా తెరవలేదు, కనుబొమల కింద ఉత్త నున్నటి రాయి. ఆకుపచ్చ గుడ్డ కట్టినట్టే ఉంది.

ఆయన పక్కన నడుమెత్తు రాతి పిల్లవాడు. కుడిచెయ్యి తల మీదుగా వేసి, అవతలి చెవి పట్టుకుని.

"ఎట్లుండాది అక్కా ఐడియా?" అన్నాడు ఫ్రాన్సిస్ మురిసిపోతూ. "సార్ అంటే అదే గదా గుర్తు. మనమందరం ఆ పరీక్ష పాసయినోళ్ళమే."

శిల్పి ఉలి పక్కన పెట్టి నా దగ్గరకొచ్చాడు. "ఈ పిల్లోనితో నెల పోరాడినా తల్లీ. ఫ్రాన్సిస్ సారు నాలుగేళ్ళోని మాదిరి ముద్దుగా చెయ్యమన్నాడు. మా శిల్పుల కొలత, తాళం ప్రకారం కొలిస్తే ఆ వయసు పిల్లోని చెయ్యి అంత దూరం పోదు. చెయ్యి పొడుగు చేస్తే కోతి మాదిరి ఉండాది. కడాకు తల ఒక పక్కకు వంచేసినా. ఎవురికీ తెలీదులే."

రాతి పిల్లవాడి తల కుడి భుజం మీదికి వాలి ఉంది. మూతి మీద గెలిచినట్టు నవ్వు.

నేను అక్కడున్న సిమెంటు బస్తా మీద కూర్చున్నాను.

"ఏందక్కా, నచ్చల్యాదా?" అన్నాడు ఫ్రాన్సిస్.

మోషే సంగతి, కాగితం సంగతి చెప్పాను. ఫ్రాన్సిస్ ముఖం రాయితో పోటీ పడింది. శిల్పిని టీ తెమ్మని పంపించి, నా దగ్గరికి జరిగాడు.

"వాడు చేసిన పనికి నువ్వు యాడ తగులుకుంటావక్కా? పాపం పసిబిడ్డ పోయింది. సార్ పేరు పేపర్లోకొస్తాది. ఇంకోటి చెప్తా, కోపం చేసుకోవాకు. మా నూటపన్నెండు మంది సర్టిఫికెట్లూ ఆ రిజిస్టర్ల నుంచి వచ్చినవే. ఒకటి అబద్ధమంటే అన్నీ కదుల్తాయి. నాకు ఇంకా సర్వీసుండాది."

"మీ అందరివీ నాయన కొలిచి రాసినవి. అబద్ధం ఒక్కటే. అది నాది."

"మరి సార్ పక్కన ఈ పిల్లోన్ని పెట్టల్లనా వద్దా?"

ప్రపంచంలో ఇన్ని ప్రశ్నలుంటే మా ఫ్రాన్సిస్‌కు దొరికింది అది. "తల నిటారు చెయ్యగలరా?" అన్నాను, టీ గ్లాసులతో వచ్చిన శిల్పితో.

"చెక్కినంక రాయిని లేపేది కాదు తల్లీ. అది అట్లే ఉంటాది," అన్నాడు.

*

పరంజ్యోతక్క ఇల్లు అక్కడికి ఆటోలో అరగంట. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలో ఉంది. గోడకు క్యాలెండరు, దాని పక్కన మేకుకు రాజమండ్రి జైలుకు పోయివచ్చిన రైలు టికెట్లు గుచ్చి ఉన్నాయి. మూడు నెలలకొకటి. మంచం మీద దుప్పటి పరిచి కూర్చోమంది. నేను నేలమీద కూర్చున్నాను. ఆమె నవ్వలేదు గానీ, చూసింది.

"అక్కా, ఆ కాగితం సార్ రాసింది కాదు," అన్నాను.

"ఊఁ."

"నేను రాస్తి. వాని చెయ్యి అందల్యా. నేనే తల వంచితి."

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత ఎదురుగా కూలబడింది.

"నాకు తెల్సు," అంది. "జడ ముందరికి వేసుకుని, కాళ్ళు ఊపుకుంటా కూర్చోనుంటివి. మరిచిపోతానా?"

"మరి ఆ పొద్దు మా ఇంట్లో ఏంటికి చెప్పకపోతివి?"

"నేను చెప్తే నువ్వు కాదంటే? నువ్వే చెప్తావేమోనని చూస్తాండా. రెండు దినాలన్నావు. ఈ పొద్దుకు తొమ్మిది." తప్పు పట్టినట్టు లేదు. రోజులు లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. "నీ ఒక్కదాని మీద వేసుకోవాకు. ట్రాక్టరు పోతాండాది, ఎట్లన్నా చేర్చుకో పాపా అని నీ గడ్డం పట్టుకుంటి. అది నువ్వు మర్చినట్టుండావు."

నిజంగానే మరిచిపోయాను. నా కథలో నేను ఒక్కదాన్నే ఉన్నాను ఇన్నాళ్ళూ.

"క్లాసులో ఎప్పుడూ వాడే చిన్నోడు," అంది పరంజ్యోతక్క. "ఆటలో చేర్చుకునేవాళ్ళు కాదు. పెద్ద పిల్లోల్ల పుస్తకాల సంచులు మోసేది, వాళ్ళు ఉరకమంటే ఉరికేది. పెద్దోళ్ళ వెనకాల పోవడం ఆడ నేర్చినాడు. ఇంకో ఏడు నా కొంగు పట్టుకుని ఉండుంటే... ఏమో. అట్లున్నోళ్ళు కూడా చెడిపోయినారు లే."

"వాడు ఆ రాత్రి గురించి ఏమన్నా అంటాడా?"

"గుమ్మం కాడ నిలబడమన్నారంట, నిలబడినాడంట. లోపల పాప ఏడ్చింటే కూడా నిలబడే ఉన్నాడు. అంతే చెప్తాడు. తల్లిని నేను, అంతకంటే అడగను." కొంగు సర్దుకుంది. "ప్రార్థనలో ముందు ఆ పాప పేరు చెప్తా. ఆ తర్వాతనే నా కొడుకు పేరు. దేవుడు ఏ వరసలో వింటాడో ఆయనిష్టం."

నేను నీళ్ళు తాగాను.

*

పంతొమ్మిదో తేదీన నంద్యాల కోర్టు ఎదురుగా నోటరీ గదిలో కూర్చున్నాం. నేను, పరంజ్యోతక్క, ప్రియదర్శిని. నా మీద కేసు పెట్టినా పెట్టవచ్చు, పెట్టకపోనూవచ్చు అని ప్రియదర్శిని ముందే చెప్పింది. శ్రీకాంత్ రానన్నాడు. పొద్దున స్కూటరు బయటికి తీసి, తుడిచి, కోర్టు దాకా దింపి, లోపలికి మాత్రం రాకుండా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. అది రాకపోవడమే అని ఆయన లెక్క.

నోటరీ గుమాస్తా టైపు చేస్తూ, "మీ వయసమ్మా?" అన్నాడు.

"నలభై ఆరు."

"పుట్టిన తేదీ?"

"సర్టిఫికెట్లో జూన్ ఒకటి."

"అసలుది?"

"అమ్మకు గుర్తు లేదు. దీపావళి ముందరంట."

అతను చేతులు ఎత్తేసి ప్రియదర్శిని వైపు చూశాడు. "సర్టిఫికెట్లోదే కొట్టండి," అంది ఆమె. ఒక దొంగ పుట్టినరోజు గురించి నిజం చెప్పడానికి కూడా మొదటి వరసలో ఇంకో దొంగ పుట్టినరోజు పడింది.

ఆ తర్వాత, ఏం జరిగిందో నా మాటల్లో చెప్పమన్నారు. చెవి దగ్గరికి వచ్చేసరికి గుమాస్తాకు అర్థం కాలేదు, పట్నం పిల్లవాడు. లేచి నిలబడి చూపించాను. తల నిటారుగా పెట్టి చెయ్యి వేస్తే చెవి సుళువుగా అందింది. నలభై ఆరేళ్ళకు అందకేం. "నాలుగేళ్ళవాడికి ఇంతవరకే వస్తుంది," అని వేళ్ళు తల మీద ఆపి చూపించాను. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. పరంజ్యోతక్క లేచి వచ్చి దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

సంతకం చేశాను. నా పేరు సరస్వతిలో 'మ' లేదు. అయినా కాగితం నిండా, మోషే ఉన్న ప్రతి చోటా, నాకు తోక కనిపించింది.

*

ఇప్పుడు నవంబరు. ఢిల్లీ నుంచి జవాబు లేదు. హైకోర్టులో నా కాగితం తీసుకున్నారు, రెండు వాయిదాలు అయ్యాయి. ఎముకలకు పరీక్ష చెయ్యమంటారేమోనని ప్రియదర్శిని అంటోంది. ముప్పై ఏళ్ళ ఎముకలు పదిహేడేళ్ళ సంగతి ఏం చెప్తాయో నాకు తెలియదు. పరంజ్యోతక్క ఫోన్ చేసినప్పుడల్లా మొదట మా ఇంట్లో అందరి ఆరోగ్యం అడుగుతుంది, చివరకు "ఇంకా ఉండాడు," అని పెట్టేస్తుంది.

విగ్రహం నిలబెట్టారు. కళ్ళు తెరిచారు. నాయన నేరుగా చూస్తున్నాడు. పక్కన పిల్లవాడు తల వంచుకుని నవ్వుతున్నాడు. ఫ్రాన్సిస్ నాతో మాట్లాడ్డం లేదు గానీ గ్రూపులోంచి తీసెయ్యలేదు.

డబ్బాల మీద చీటీలన్నీ నానబెట్టి పీకేశాను. శ్రీకాంత్ రెండుసార్లు కాఫీలో ఉప్పు వేసుకున్నాడు. రెండుసార్లూ అడుగుదాకా తాగాడు.

నిన్న మధ్యాహ్నం అంట్లు తోమి నడుం వాల్చాను. కళ్ళు మూతపడ్డాయో లేదో, పక్కగదిలోంచి మళ్ళీ వినిపించింది.

"అందిందా?"

ఈసారి నేను కళ్ళు తెరవలేదు.

"అందలేదు నాయనా," అన్నాను.

లోపల పడక్కుర్చీ కిర్రుమంది.

"వచ్చే ఏడు రమ్మను," అన్నాడు.